తలో దిక్కు చూసే మంద

మూడు విమానాలు, ఒక రైలు, ఒక పల్లెవెలుగు బస్సు మారి ఆత్మకూరు బస్టాండులో దిగేసరికి సారా దగ్గర మిగిలింది భుజాన వేసుకున్న సంచి ఒక్కటే. మొదటి విమానం ఆలస్యమైంది. ఆ పుణ్యాన రెండోది తప్పిపోతే ఇంకోటి పట్టుకోవలసి వచ్చింది. మూడోదాంట్లో ఆమె ఎక్కింది గానీ ఆమె పెట్టె ఎక్కలేదు. చెన్నైలో అందరూ ఎవరి సామాను వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయాక కూడా ఆ పిల్ల అక్కడే నిలబడి చూసి చూసి, చివరికి నేలమీద చతికిలబడి భోరుమని ఏడ్చింది. ఏడ్చాక ముక్కు తుడుచుకుని, దారి అడిగి రైలెక్కింది. ఆమె తీరే అంత. ముందు ఏడవవలసింది ఏడ్చేస్తుంది, తర్వాత చేయవలసింది చేస్తుంది. దుఃఖాన్ని బిగబట్టుకుని మూణ్ణాళ్ళు మంచమెక్కేవాళ్ళ కంటే అదే నయం.

సారాది బ్రెజిల్. బ్రెజిల్ ఎక్కడ, ఆత్మకూరు ఎక్కడ అంటారేమో, రెండింటినీ కలిపింది ఆవులు. ఎప్పుడో తాతల కాలంలో మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెల్ల పశువులు మూపురాలతో సహా అక్కడ దిగి, అక్కడి ఎండలకు తట్టుకుని, లెక్కకందనంతగా పెరిగిపోయాయి. వాటిని అక్కడ 'నెలోరే' అంటారు. అంటే మన నెల్లూరే. మనమేమో వాటినే ఒంగోలు ఆవులంటాం. పేరు కోసం నెల్లూరు వాళ్ళూ ఒంగోలు వాళ్ళూ తగువులాడుకోనక్కర్లేదు. ఇప్పుడు ఈ రెండు జిల్లాల్లోనూ ఎటు చూసినా ట్రాక్టర్లూ బర్రెలే, ఆ ఆవు కనబడితే ఆగి చూసే రోజులొచ్చాయి.

సారా నాన్న గుర్రమెక్కి ఆ నెలోరే ఆవుల్ని కాస్తాడు. "మా ఆవులు" అంటాడు. కూతురు ఆవుల మీదే పై చదువు చదువుతూ, అవి పుట్టిన గడ్డకే ఏడాది పాటు వెళ్తున్నదని తెలిసినప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు.

"అక్కడి వాళ్ళు వాటిని ఎట్లా పిలుస్తారో విని రా. ముప్పై ఏళ్ళుగా నేను మన భాషలో పిలుస్తున్నాను, వస్తున్నాయి. కానీ పాపం, వాటి సొంత భాష ఎట్లా ఉంటుందో!"

చదువు సంగతి అంత తేలిక కాదు. పల్లెలో, మనుషుల మధ్య పెరిగే ఆవుల్ని ఏడాదంతా గమనించి రాయాలి. మంద దొరికితే ఏడాది ఉండొచ్చు. దొరక్కపోతే మొదటి నెలలోనే వెనక్కి వెళ్ళిపోవాలి, చదువు అక్కడితో సరి. ఆ మంద తన దగ్గర ఉన్నదని మాట ఇచ్చినవాడు చెంచురామయ్య. దుత్తలూరు దాటి లోపలికి పోతే, ఉదయగిరి కొండ కనబడే ఊళ్ళో పెద్ద రైతు. తాతల నుంచీ ఊరి పెత్తనం ఆ ఇంటిదే. పశువుల కాలేజీ మేష్టారు ఫోన్ చేసి, "మీ ఇంట్లో ఒంగోలు మంద ఉందటగా?" అని అడిగితే, "ఉండకేం, ఉండాది. ఆ పిల్లని పంపించండి" అన్నాడు. ఆ ఒక్క మాట మీద సారా సముద్రాలు దాటి వచ్చింది.

బస్టాండుకు చెంచురామయ్య మనవరాలు అశ్విత వచ్చింది. ఆత్మకూరులోనే డిగ్రీ చదువుతుంది. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడు చేతులు కూడా తిప్పుతుంది. దుత్తలూరు బస్సులో పక్కన కూర్చుని, "నీ పేరుతో మా ఊళ్ళో కొంచెం కష్టం" అంది.

"ఎందుకు?"

"మా భాషలో సారా అంటే నాటు మందు. సారా అంగళ్ళు మూయించాలని ఆడవాళ్ళు చీపురుకట్టలు పట్టుకుని రోడ్డెక్కిన జిల్లా మాది. నువ్వేమో సారా వచ్చిందోచ్ అని దిగుతున్నావు."

చెన్నైలో దిగిన తర్వాత సారా నవ్వింది అదే మొదటిసారి.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. అరుగు మీద తెల్లపంచె కట్టుకుని, మీసం దువ్వుకుని చెంచురామయ్య సిద్ధంగా ఉన్నాడు. "రా పాపా, రా. ఇది నీ ఇల్లే అనుకో" అన్నాడు. పేరు జోలికే పోలేదు. అశ్విత తల్లి రేణుకాదేవి తన చుడీదారు ఒకటి ఇచ్చింది. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి, అయినా మాసిన బట్టల కంటే హాయిగా ఉంది. తర్వాత అన్నం పెట్టింది. కారం బాగా తగ్గించానని చెప్పి మరీ పెట్టింది. సారా ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"అయ్యో, ఇల్లు గుర్తొచ్చినట్టుండాది బిడ్డకి" అని రేణుకాదేవి జాలిపడి ఇంకో గరిటెడు పులుసు పోసింది.

అశ్విత అడ్డం పడి పెరుగు తెచ్చింది కాబట్టి ఆ పూట గండం గడిచింది.

పొద్దున సారా అందరికంటే ముందే లేచింది. అక్కడి పగలు ఇక్కడి రాత్రి కదా, ఒళ్ళు ఏ దేశంలో ఉందో దానికే తెలియడం లేదు. దొడ్లోంచి అరుపులు వినబడ్డాయి. ఆ అరుపు మాత్రం ఆమెకు తెలిసిన అరుపు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

కొట్టం నిండా తెల్ల ఆవులు. నల్లటి కళ్ళు, కాటుక దిద్దినట్టు. ఎత్తైన మూపురాలు. వేలాడే గంగడోళ్ళు. డజనుకు పైగా ఉన్నాయి. సారాకు గుండె నిండిపోయింది. ఒక ఆవు నుదురు మీద చెయ్యి వేసి తన భాషలో ఏదో చెప్పింది. అది బుస్సుమని తల విసిరింది.

అప్పుడు సారా ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ చూసింది.

ఒకదానికి నైలాను పలుపు. ఒకదానికి గోనె తాడు. ఇంకొకదానికి పాతచీర పేనిన తాడు. ఒకదాని కొమ్ములకు నీలం రంగు, పక్కదానికి ఎరుపు, ఆ పక్కదానికి అసలు రంగే లేదు. నీళ్ళ తొట్టి దగ్గర పెద్దా చిన్నా వరస లేదు, ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి. కలిసి పెరిగిన ఆవులు అట్లా చేయవు. ఎవరు ముందు తాగాలో, ఎవరు తర్వాత తాగాలో వాటికి ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. కడుపు నిండిన ఆవు తల ఎటు తిప్పితే అటే దాని ఇల్లు అని నాన్న చెప్తుండేవాడు. మేత తిన్నాక ఈ ఆవులు తలో దిక్కుకీ తిరిగి నిలబడ్డాయి. ఒకటి కొండ వైపు చూస్తోంది. రెండు కలిగిరి వైపు. ఒకటి దుత్తలూరు వైపు. దూడ ఉన్న ఆవొకటి, చెవి కొన చీలినది, గొర్రెలు మేపేవాళ్ళు ఉండే ఊరి చివరి గుడిసెల వైపు కళ్ళార్పకుండా చూస్తోంది.

ఇది మంద కాదు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చి కట్టిన ఆవులు.

చెంచురామయ్య వేపపుల్ల నములుతూ వచ్చాడు. "చూసినావా పాపా? అన్నీ మావే. మా తాత కాలం నాటి మంద."

అశ్విత ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చింది గానీ, ఆమె చూపు కాళ్ళ బొటనవేళ్ళ మీద ఉంది. సారాకు అర్థమైపోయింది. ఏమనాలో తోచక, నాన్న అడగమన్నదే అడిగింది.

"సాయంత్రం మేత నుంచి వీటిని ఎట్లా పిలుస్తారు?"

ఆ ప్రశ్న చెంచురామయ్య ఊహించలేదు. ఒకసారి మనవరాలి వైపు చూశాడు, ఒకసారి ఆవుల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఊరి పంచాయితీలు తీర్చే గొంతుతో, "రండే... రండే!" అని కేక పెట్టాడు. ఒక్క ఆవు కూడా చెవి కదపలేదు. సందు చివర్నుంచి మాత్రం ఒక వీధికుక్క తోక ఊపుకుంటూ వచ్చింది.

"ఈ పొద్దు వాటికి మనసు బాలేదు" అన్నాడాయన గంభీరంగా.

ఆ రాత్రి సారా దుప్పటి కప్పుకుని ఏడ్చింది. వారం తిరిగేసరికి మేష్టారు ఫోన్ చేస్తానన్నాడు. మంద ఉందో లేదో అప్పుడు చెప్పాలి. ఉందని అబద్ధం చెప్తే చదువంతా అబద్ధమవుతుంది. లేదని నిజం చెప్తే ఈ పెద్దాయన పరువు పోతుంది, తాను ఇంటికి పోవాలి. నాన్న ఫోన్ చేసి, "విన్నావా? ఎట్లా పిలుస్తున్నారు?" అని అడిగితే, "ఇంకా వినలేదు నాన్నా" అని పెట్టేసింది. ఏడవడం అయిపోయింది. కానీ తర్వాత చేయవలసింది ఏమిటో ఈసారి తోచలేదు.

పెద్దాయన చెడ్డవాడైతే బాగుండేది, ఒక్క మాటతో తేలిపోయేది. ఆయనేమో రోజురోజుకీ మంచివాడవుతున్నాడు. ఎండకు తలనొప్పి అంటే మజ్జిగలో నిమ్మకాయ పిండి తానే తెచ్చి ఇచ్చాడు. పెట్టె కోసం విమానం వాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళకు తెలుగు రాదని తెలిసినా తెలుగులోనే గద్దించాడు. చివరికి వాళ్ళు పెట్టెను నెల్లూరు దాకా పంపితే, అక్కడికి వెళ్ళి తెచ్చింది కూడా ఆయనే. బస్సు మీద వెయ్యమని కండక్టరు ఎంత చెప్పినా వినకుండా, మళ్ళీ ఎక్కడ తప్పిపోతుందోనని అంత పెద్ద పెట్టెనీ దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాడు. దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి మనవరాలి భుజం పట్టుకోవలసి వచ్చింది. అలాంటి మనిషిని పట్టుకుని "మీ ఆవులు మీవి కావు" అని ఎట్లా అనడం?

మేష్టారు ఫోన్ చేయవలసిన రోజు రానే వచ్చింది. తెల్లవారుతుండగా సారా కొట్టంలోకి వెళ్ళేసరికి వెనక దడి పక్కకు జరిపి ఒకావిడ లోపలికి వస్తోంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, నెరిసిన జుట్టు ముడి వేసుకుని, చేతిలో బకెట్టు పట్టుకుని. సారాను చూడనేలేదు. నేరుగా చీలిన చెవి ఆవు వైపు తిరిగి, బకెట్టు పిడిని టకటకలాడిస్తూ పిలిచింది.

"లచ్చే... దా... దా దా దా..."

గొంతు పెద్దది కాదు. చివర్లో కొంచెం సాగి, పైకి లేచి, పాటలా విరిగింది. చీలిన చెవి ఆవు గిర్రున ఇటు తిరిగింది. పలుపు ఎంత దూరం రానిస్తే అంత దూరం వచ్చి, ఆవిడ భుజం మీద గడ్డం ఆనించింది. దూడ కూడా గెంతుకుంటూ వచ్చింది. ఇన్ని రోజులుగా జీతగాళ్ళు ఎంత నిమిరినా ఒక్క చుక్క చేపని ఆవు, ఆవిడ వచ్చి పొదుగు దగ్గర కూర్చోగానే ధార కట్టింది.

నాన్న వినాలనుకున్నది ఇదే.

ఆవిడ తల తిప్పి చూసి ఉలిక్కిపడింది. వెంటనే వేలు పెదవుల మీద పెట్టుకుంది. "చెప్పబాక మ్మా" అంది. ఆ మాటకు అర్థం చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. సారా కూడా వేలు పెదవుల మీద పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే అశ్విత నిద్రకళ్ళతో వచ్చి, ఇద్దరినీ చూసి, కొట్టం గుంజకు ఆనుకుని నిలబడిపోయింది.

"మాలకొండమ్మవ్వా! తాత చూస్తే..."

"చూడనీ! నాలుగు రోజులకని తోలకచ్చినాడు మీ తాత. వారం దాటింది. ఎవరో చదువుకునే బిడ్డ వస్తుండాది, ఇంటి పరువు మ్మే అంటే సరేనన్నా. దొంగ మాదిరి దడి దూరి నా ఆవు పాలు నేనే పిండుకుంటుండా. ఇదేం ఖర్మ?" మాలకొండమ్మ సారా వైపు చూసింది. "ఈ బిడ్డేనా? ఏం పేరు?"

అశ్విత చెప్పింది.

"ఆ పేరు నా నోట రాదు. సారా అంగడి మూసిందాకా చీపురుకట్ట దించని దాన్ని నేను. శారద అని పిలుస్తాలే."

సారాకు ఆ పేరూ నచ్చింది, పిలిచిన మనిషీ నచ్చింది. కానీ అప్పటికే మాలకొండమ్మ లేచి పలుపు విప్పుతోంది. "ఈ పొద్దు నా ఆవుని నేను తోలకపోతుండా. మీ తాత వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఉండదు."

"మ్మే మాలకొండా!"

చెంచురామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నోట్లో వేపపుల్ల. పుల్ల తీసి పారేసి గబగబా వచ్చాడు. "ఏంది నువ్వు చేసే పని? ఒక్క పూట ఆగలేవా? ఈ పొద్దు ఆ మేష్టారు ఫోన్ చేస్తాడు. ఆ బిడ్డ ముందర నా పరువు..."

"నీ పరువు నా ఆవు మెడకి కట్టినావా అయ్యా?" అంది మాలకొండమ్మ. "నీ పరువు కోసం నా లచ్చి చిక్కి శల్యమయిపోయింది. మేత తినదు, నెమరెయ్యదు, నా గుడిసె దిక్కే చూస్తుంటాది. దాని బాధ కనపడలా నీకు?"

అశ్విత ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చాలా వద్దా అని తాత వైపు చూసింది. ఆయన చేత్తో చెప్పమన్నట్టు సైగ చేసి, తొట్టి అంచు మీద కూలబడ్డాడు. తాను మాత్రం సారా ముఖం చూడలేదు.

"చెప్పు అశ్వితా. దాచేదేముండాది ఇంక! మా నాయన కాలంలో ఈ కొట్టంలో నలభై ఉండేవి. నేనే ఒక్కోటీ అమ్మినాను. ట్రాక్టరు కొన్నాంక వీటితో పనేముండాది అన్నాను. ఆ మేష్టారు ఫోన్ చేసి మంద ఉండాదా అని అడిగితే, లేదు అనే మాట నోట్లోంచి రాలా. ఈ ఇంట్లో లేదు అనే మాట మా నాయన ఎప్పుడూ అనలా. ఉండాది అన్నా. అన్నాంక బిడ్డ వచ్చే లోపల ఊళ్ళన్నీ తిరిగి అడుక్కొచ్చి కట్టినా. ఇది తెలిస్తే ఆ బిడ్డ చదువు చెడిపోతుందని అప్పుడు తెలీదు, తెలిసిన కాడి నుంచీ నాకు ముద్ద దిగడంలా."

సారా వెళ్ళి ఆయన పక్కన తొట్టి అంచు మీద కూర్చుంది.

"నాకు మొదటి రోజే తెలుసు" అంది. అశ్విత తెలుగులో చెప్పింది.

చెంచురామయ్య తలెత్తాడు. "ఎట్టా?"

"ఆవులు చెప్పాయి. మేత తిన్నాక తలో దిక్కు చూస్తున్నాయి. ఏ ఆవు ఎటు చూస్తే అటే దాని ఇల్లు. మా నాన్న చెప్పేవాడు."

"తెలిసీ ఒక్క మాట అనలేదా?"

సారా తొట్టిలో నీళ్ళను వేలితో కదిపింది. ఆవు నెమరు వేస్తున్న చప్పుడు వినబడుతోంది. "మా నాన్న ముప్పై ఏళ్ళుగా కాసే ఆవుల్లో ఒక్కటీ ఆయనది కాదు. అన్నీ ఒక ఆసామివి. ఆ ఆసామి మా ఊరికి ఏడాదికోసారి వస్తాడో రాడో. మా నాన్న మాత్రం ఎవరడిగినా 'మావే' అంటాడు. చిన్నప్పుడు నేను కూడా మావే అనుకున్నాను. నిజం తెలిసిన రోజు ఆయన్ని నిలదీద్దామనుకున్నాను, నోరు రాలేదు. మీ దగ్గరా రాలేదు."

చెంచురామయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు, కళ్ళ దగ్గర కొంచెం ఎక్కువసేపు తుడుచుకున్నాడు. మాలకొండమ్మ విప్పిన పలుపును చేతికి చుట్టుకుంటూ, "పోనీలే, ఈయనకీ ఆ బిడ్డ నాయనకీ ఒకే తిక్క" అని గొణిగింది. కానీ వెంటనే వెళ్ళిపోలేదు.

ఇంకా ఫోన్ మిగిలే ఉంది. సారా ఆలోచిస్తూ ఆవుల వైపు చూసింది. "ఇవన్నీ ఎవరెవరివి?" అని అడిగింది.

పెద్దాయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. ఈ నీలం కొమ్ములదీ, దీని చెల్లెలూ కలిగిరి దగ్గర కామమ్మవి. కొండ వైపు చూసేది ఉదయగిరి పక్కన మా వియ్యంకుడిది. ఇది దుత్తలూరు వరదమ్మది, మహా మొండి మనిషి, మూడుసార్లు తిరిగితే గానీ ఇవ్వలేదు. ఇట్లా ప్రతి ఆవుకూ ఒక ఇల్లు, ఇంటికో మనిషి, మనిషికో గుణం చెప్పుకుంటూ పోయాడు.

"ఇవి కాక ఇంకా ఎక్కడైనా ఉన్నాయా?"

"ఇంకెక్కడ పాపా! చుట్టుపట్ల తెల్లావు ఉండాదని తెలిసిన ప్రతి కొట్టం తొక్కినా. చెప్పులు అరిగినాయి. ఇంక లేవు."

సారా ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. పగలబడి నవ్వింది. అశ్వితకు కూడా అర్థం కాలేదు. నవ్వు ఆపుకుని చెప్పేసరికి కొంచెం సేపు పట్టింది. ఈ ప్రాంతంలో ఎక్కడెక్కడ ఏ ఇంట్లో ఈ జాతి ఆవు మిగిలిందో వెతకడానికే నెలల తరబడి తిరగాల్సి ఉంటుందట. అట్లా తిరిగినా దొరకవేమోనన్న భయంతోనే మేష్టారు ఒక్క చోట ఉన్న మంద కోసం చూశాడట. పెద్దాయన తన పరువు కోసం ఆ వెతుకులాటంతా తానే చేసి, ఆవుల్ని ఇంటికే తెచ్చి పెట్టాడు.

మేష్టారు ఫోన్ చేసినప్పుడు సారా నిజమే చెప్పింది. మంద లేదని చెప్పింది. ఇన్ని ఊళ్ళలో, ఇన్ని ఇళ్ళలో, ఇన్ని ఆవులున్నాయని, ప్రతి ఇంటివాళ్ళనూ ఎరిగిన మనిషి ఒకాయన తన పక్కనే ఉన్నాడని కూడా చెప్పింది. మేష్టారు "ఇది మందకంటే మేలు కదమ్మా, ఏడాది సరిపోతుందా?" అన్నాడు. గుంజ చాటున నిలబడి వింటున్న చెంచురామయ్యకు అశ్విత సైగ చేసింది. ఆయన వెంటనే మీసం సరిచేసుకున్నాడు. పోయిన ప్రాణం తిరిగి రాగానే మనిషి మొదట చేసే పని అదే కాబోలు.

ఆ రోజే ఆవుల్ని వాటి ఇళ్ళకు పంపేశారు. దగ్గరివాటికి పలుపు విప్పితే చాలింది. నిలబడి చూస్తున్న దిక్కుకే నడిచిపోయాయి. దూరపు వాటిని ఆటోల్లో ఎక్కించారు. మర్నాటి నుంచి సారా చదువు మొదలైంది. పొద్దునే మజ్జిగన్నం తిని, అశ్విత స్కూటీ మీద ఒక్కో ఊరు. కాలేజీ ఉన్న రోజుల్లో చెంచురామయ్యే వెంట వెళ్ళేవాడు. ప్రతి గుమ్మంలోనూ ముందు ఆయన, వెనక సారా. "మా బిడ్డే, శారద. ఆవుని చూస్తాదంట" అనేవాడు. మూడుసార్లు తిప్పించుకున్న వరదమ్మ కూడా పీట వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. సారాకు పులుసు అలవాటైంది. ఏడవడం కూడా తగ్గింది, పచ్చిమిరపకాయ కొరికిన రోజు తప్ప.

ఒక సాయంత్రం నాన్నకు వీడియో కాల్ చేసింది. ఇక్కడ పొద్దు వాలుతుంటే అక్కడ పొద్దెక్కుతోంది. మాలకొండమ్మ గుడిసె ముందు అందరూ పోగయ్యారు. ఫోన్లో సారా నాన్న గుర్రం మీద కనిపించాడు, పెద్ద టోపీ, ఎండకు కాలిన ముఖం. ఆయన వెనక కనుచూపు మేర తెల్ల ఆవులు. చెంచురామయ్య అంత మందను జన్మలో చూడలేదు. నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాడు.

"పిలవమను" అన్నాడు నాన్న.

మాలకొండమ్మ సిగ్గుపడింది. మొగుడి ముందు కూడా అంత సిగ్గుపడి ఉండదు. కొంగు సర్దుకుని, బకెట్టు పిడి టకటకలాడించి, "లచ్చే... దా... దా దా దా..." అని పిలిచింది. లచ్చి పరిగెత్తుకొచ్చింది. ఫోన్లోని ఆవులు మాత్రం ఎక్కడివక్కడే మేస్తున్నాయి. వాటికి సొంత భాష ఏనాడో మరుపైపోయింది.

సారాకు మనసు చివుక్కుమంది. నాన్న మాత్రం ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఏదో అడిగాడు. "ఆవిడ చేతిలో ఉన్నదేమిటి అంటున్నాడు" అంది సారా.

"బకెట్టు. తవుడుండాది దాంట్లో" అంది మాలకొండమ్మ.

నాన్న పడీపడీ నవ్వాడు. జీనుకు వేలాడుతున్న రేకు డబ్బా ఒకటి తీసి చూపించాడు. అందులో ఉప్పు ఉందట, ఆవులకు పెట్టే ఉప్పు. దాన్ని గలగలా ఆడించి, తన భాషలో, సాగదీసి, చివర్లో పైకి లేపి పిలిచాడు. ఆ చప్పుడు ఫోన్లోంచి వినబడగానే ఇక్కడ లచ్చి బకెట్టులోంచి మూతి తీసి, చెవులు రిక్కించి, వచ్చి సారా చేతిలోని ఫోన్ను నాకింది.

"ఆవుకి భాషేందిలే! బకెట్టు చప్పుడే దాని భాష" అంది మాలకొండమ్మ. అందరూ నవ్వారు. ఫోన్ తడిసిపోయింది, సారా తాను వేసుకున్న రేణుకాదేవి చుడీదారుకే తుడిచింది.

తుడిచి మళ్ళీ పట్టుకునేసరికి అక్కడి ఆవులన్నీ కదిలి, నాన్న చుట్టూ మూగి ఉన్నాయి. చెంచురామయ్య ఫోన్ దగ్గరికి వంగి, కుశలం అడగడం మర్యాద కాబట్టి, తెలిసి కూడా అలవాటు కొద్దీ అడిగేశాడు.

"ఆ మందంతా ఎవరిదని అడుగు పాపా."

అడిగాక నాలిక కరుచుకున్నాడు. అశ్విత తాతను చూసింది. సారా తండ్రికి ఆ ప్రశ్న చెప్పింది. గుర్రం మీద ఆ మనిషి నిటారుగా కూర్చుని, టోపీ సరిచేసుకుని, ఒకటే మాట అన్నాడు.

"ఏమంటాడు?" అన్నాడు చెంచురామయ్య.

"మావే అంటున్నాడు" అంది సారా తలెత్తకుండా.

చెంచురామయ్య ఫోన్లోకి ఇంకొంచెం వంగి, కళ్ళు చికిలించి చూశాడు. చిన్నప్పుడు తలపాగా చుట్టుకున్న తన నాయన ముందు నిలబడినంత వినయంగా తల ఊపాడు.

"అవును మరి, ఆయనవే. చూస్తే తెలీడంలా! అన్నీ ఆయన దిక్కే చూస్తుండాయి."